మండపం లైట్ల కింద ముఖాల అసలు రంగు రావాలంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చెన్నై వడపళనిలో ఒక కల్యాణ మండపంలో మీ పిన్ని కూతురి రిసెప్షన్ ఫొటోలు తీశారు. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, ఫ్లాష్ లేదు, వైట్ బ్యాలెన్స్ (లైటు రంగుని బట్టి ఫొటో రంగులు సరిచేసే సెట్టింగు) ఆటోలో ఉంది, ఫైళ్లన్నీ జేపెగ్. స్టేజీ మీద పెళ్లికూతురు గులాబీ రంగులో వచ్చింది, భోజనాల హాల్లో అందరి ముఖాలూ ఆకుపచ్చగా పాలిపోయి ఉన్నాయి, చామనఛాయగా ఉండే మీ అక్కయ్య అయితే బూడిద రంగులోకి పోయింది. వచ్చే నెల ఇంకో పెళ్లి ఉంది, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొంటే ఈ బాధ పోతుందా అని అడిగారు.

పోదండీ. ఈ ఒక్క కారణానికైతే కొనకండి. ఫుల్‌ఫ్రేమ్‌కి మారితే నాయిస్‌లో (చీకట్లో ఫొటో మీద వచ్చే గరుకు చుక్కల్లో) ఒక స్టాపు, అంటే వెలుతురు రెట్టింపైనంత, ఇంకా కొంచెం లాభం ఉంటుంది. ముఖం రంగు మాత్రం ఆ లైటు కింద ఏ కెమెరాతో తీసినా ఇంచుమించు అలాగే వస్తుంది. మీరు చేయాల్సినవి వేరే ఉన్నాయి: ముఖం మీద ఒకే రకం, కాస్త మంచి రకం వెలుతురు పడే చోటు చూసుకోండి, వైట్ బ్యాలెన్స్ చేత్తో పెట్టి రా ఫైల్లో (సెన్సర్ చూసినదంతా ఉండే ఫైలు) తీయండి, ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని హెచ్చించే అంకె) పెరుగుతుందని భయపడి చీకటిగా తీసి తర్వాత కంప్యూటర్లో లేపకండి. చాలావరకు సమాధానం ఇంతే. ఎందుకలా అనేది తెలిస్తే హాల్లోకి అడుగుపెట్టగానే ఏం చూడాలో మీకే తెలుస్తుంది కాబట్టి మిగతాది రాస్తున్నాను. నేను చెన్నైలో పెళ్లిళ్లు, మార్గళి (తమిళ ధనుర్మాసం) సీజన్లో సభల్లో జరిగే నాట్య ప్రదర్శనలు తీసి బతికేవాణ్ణి, కాబట్టి చెప్పేదంతా ఆ అనుభవంలోంచే.

అందరూ దీన్ని తక్కువ వెలుతురు సమస్య అనుకుంటారు. నిజానికి ఇది ఎక్కువగా చెడ్డ వెలుతురు సమస్య. తెల్లవాళ్లైనా, మనలాంటి చామనఛాయవాళ్లైనా, బాగా నల్లగా ఉండేవాళ్లైనా చర్మం ఎరుపు వైపు కాంతిని ఎక్కువగా, నీలాన్ని తక్కువగా తిప్పి పంపుతుంది. కింద రక్తం, పైన మెలనిన్, ఈ రెండే అందరికీ. మనిషికీ మనిషికీ పెద్ద తేడా ఆ రంగు ఎంత ముదురు, ఎంత లేత అన్నదాంట్లోనే. కాబట్టి లైట్లో ఎరుపు సరిగ్గా లేకపోతే చర్మం తిప్పి పంపడానికి ఏమీ ఉండదు, ముఖం పాలిపోతుంది. పాత ఫిలమెంటు బల్బుల్లోనూ హాలోజెన్‌లలోనూ ఎరుపుకి లోటు ఉండదు, కొన్ని చవక ఎల్ఈడీల్లో ఉంటుంది. డబ్బా మీద సీఆర్ఐ (ఆ లైటు కింద రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80 అని రాసి ఉంటుంది చూడండి, ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపుని కొలిచే ఆర్9 అనే విలువ ఆ సగటులో లెక్కకే రాదు. సీఆర్ఐ 80 ఉన్న ఎల్ఈడీకి ఆర్9 సున్నాకి దగ్గర్లో ఉండటం వింతేమీ కాదు. మీ భోజనాల హాలు కథ ఇదే అయి ఉంటుంది. 6500 కెల్విన్ (లైటు రంగు కొలత, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం వైపు) తెల్ల ట్యూబులు, పక్కన ఆకుపచ్చ పెయింటు గోడ ఏదైనా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

వైట్ బ్యాలెన్స్ దీన్ని కొంతే సరిచేయగలదు. అది చేసేదల్లా ఫొటోలోని ఎరుపు, నీలం పాళ్లని (చానెళ్లని) హెచ్చించడం, తగ్గించడం. లైట్లో లేని రంగుని అది పుట్టించలేదు, దినుసు వేయకుండా గరిటె ఎంత తిప్పినా కూరకి రుచి రానట్టే.

స్టేజీ గులాబీ రంగు ఇంకో జాతి. అక్కడ పార్ లైట్లలో (స్టేజీ మీదికి వేసే రంగుల ఎల్ఈడీ లైట్లు) ఎరుపు ఎల్ఈడీ, నీలం ఎల్ఈడీ వెలుగుతున్నాయి, ఆకుపచ్చ దాదాపు లేదు. సెన్సర్‌లో సగం పిక్సెళ్లు ఆకుపచ్చవే, అవన్నీ ఆకలితో ఉంటాయి. ఎరుపు పిక్సెళ్లు మాత్రం నిండి పొర్లిపోతాయి. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే కెమెరా గ్రాఫు) చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, బుగ్గ మీద మాత్రం వివరమంతా పోయి చదునైన గులాబీ మచ్చ మిగులుతుంది. ఇలాంటి చోట మూడు రంగులూ విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేసుకుని ఎరుపు కుడి అంచుని కొట్టకుండా చూడండి. కొడుతుంటే ఎక్స్‌పోజర్ తగ్గించాల్సిందే. చీకటిగా తీయొద్దన్న మాటకి మినహాయింపు ఇదొక్కటే.

కానీ అసలు మందు వేరే ఉంది. రిసెప్షన్ మొదలవకముందే వెళ్లి, ఫొటోలు దిగే సమయానికి ముందువైపు పార్ లైట్లని తెలుపు మీద పెట్టమని, రంగులు వెనక తెరకి పరిమితం చేయమని డెకరేషన్ వాళ్లని అడగండి. ఒక రిమోట్ బటన్ పని అది. మర్యాదగా అడిగితే చాలామంది చేస్తారు, డాన్సు మొదలైనప్పుడు మళ్లీ వాళ్ల ఇష్టం. వీడియో అన్నతో కూడా మాట్లాడుకోండి. ఆయన స్టాండు మీద పెట్టే ఎల్ఈడీ ప్యానెలే ఆ హాల్లో అన్నిటికంటే మంచి లైటు కావచ్చు, పైగా ముఖాల మీద పడేది ఎక్కువగా అదే. దాని పక్కన నిలబడి ఆయన పెట్టిన కెల్విన్‌కే మీ కెమెరా కూడా పెట్టుకుంటే సగం పని అయిపోతుంది. పోటీ అనుకుని ముఖం తిప్పుకునే ఫొటోగ్రాఫర్లని చూశాను. మీరు ముందే ఒక కాఫీ తాగించండి.

ఆటో వైట్ బ్యాలెన్స్ గురించి. పగటి వెలుతురులో నేనూ వాడతాను. మండపంలో వాడను. ఎర్ర కంచిపట్టు ఫ్రేము నిండా ఉంటే ఒక రంగు, మామయ్య తెల్ల పంచె వస్తే ఇంకో రంగు, వరసగా తీసిన ఫొటోల్లోనే ముఖాలు మారిపోతుంటాయి. అన్ని ఫొటోలూ ఒకే రకంగా తప్పుగా ఉంటే ఒక్కసారి సరిచేసి అన్నిటికీ అంటించేయొచ్చు, ఒక్కోటి ఒక్కో రకంగా తప్పితే కూర్చుని ఏడవాలి. అందుకే పెళ్లిపీటల దగ్గర ముఖం ఉండే చోట ఒక గ్రే కార్డు (తటస్థ బూడిద రంగు అట్ట) పట్టించి ఒక ఫ్రేము తీసుకుంటాను, దాంతోనే కెమెరాలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెడతాను. కార్డు మీద పడే వెలుతురు, ముఖం మీద పడే వెలుతురు ఒకటే అయి ఉండాలి. మీరు నిలబడ్డ చోట కార్డు పెట్టి తీస్తే ఉపయోగం లేదు. కార్డు లేకపోతే కెల్విన్‌లో చేత్తో పెట్టండి. పసుపు బల్బులు, హాలోజెన్‌లు అయితే 2700 నుంచి 3200, వీడియో ప్యానెల్ తెల్లగా ఉంటే 5600 దగ్గర, తెల్ల ట్యూబులైతే 6500 దగ్గర మొదలుపెట్టి, టింట్‌ని ఆకుపచ్చ పోయేదాకా కొంచెం మెజెంటా (గులాబీ ఊదా) వైపు జరపండి. చర్మం విషయంలో కెల్విన్ కన్నా ఈ టింటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, దాన్నే ఎవరూ ముట్టుకోరు.

ఇంకో మాట. లైటు పసుపు అయితే దాన్ని పూర్తిగా తెల్లగా మార్చేయకండి. తెల్లవారుజామున ముహూర్తం, చుట్టూ దీపాలు, లైటు 3000 కెల్విన్ అనుకుంటే నేను కెమెరాలో 3500 పైన పెడతాను, ఆ వెచ్చదనం కొంత మిగలాలి కాబట్టి. మరీ తటస్థంగా చేస్తే ఆఫీసులో తీసినట్టు ఉంటుంది. నూనె దీపం 2000 కెల్విన్ కంటే కూడా తక్కువే ఉంటుంది, చాలా కెమెరాల్లో 2500 కంటే కిందికి పెట్టడానికే లేదు. దీపం వెలుగులో ముఖం నారింజగానే రానివ్వండి, మన కంటికి కూడా అది అలాగే ఉంటుంది.

అలాగే పసుపు! నలుగు పెట్టి మంగళస్నానం చేయించేటప్పుడు ఆ అమ్మాయి ముఖం నిజంగానే పసుపు రంగులో ఉంటుంది. ఆటో ఏమో ఆ పసుపుని లైటు తప్పు అనుకుని మొత్తం ఫొటోని నీలం వైపు లాగేస్తుంది. ఎడిటింగులో కూడా కొంతమంది స్కిన్ టోన్ సరిచేస్తున్నామని ఆ పసుపంతా తీసేసి పెడతారు. అది వేడుక, దాన్ని అలాగే ఉంచండి. అలాంటప్పుడు రంగు చూసుకోవడానికి ముఖం పనికిరాదు, పక్కన ఉన్న తెల్ల తువ్వాలో పసుపు అంటని వాళ్ల చేతులో చూడండి.

ఇప్పుడు మీ అక్కయ్య సంగతి, నాకు బాగా కోపం వచ్చే విషయం కూడా ఇదే. వెలుతురు కొలిచే కెమెరా మీటర్ దేన్ని చూసినా మధ్యరకం బూడిద వెలుగుగానే లెక్కేసుకుంటుంది. వెనక ఎల్ఈడీ వాల్ మెరుస్తోంది, చుట్టూ జరీ, తెల్ల చొక్కాలు. అవన్నీ చూసి మీటర్ మొత్తం ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. తెల్లగా ఉన్నవాళ్ల ముఖం ఎలాగో బయటపడుతుంది, చామనఛాయ ముఖం చీకట్లో పడిపోతుంది. ఆ చీకట్లోంచి తర్వాత లేపితే వచ్చేది రంగు కాదు, రంగు మచ్చలు. పసుపు లైటు కింద నీలం చానెల్‌కి అసలే కాంతి అందదు, వైట్ బ్యాలెన్స్ దాన్ని రెట్టింపు పైన హెచ్చిస్తుంది, దాంతో పాటు నాయిస్ కూడా హెచ్చుతుంది, మెడ కింద, కళ్ల కింద ఊదారంగు చుక్కలు అందుకే వస్తాయి. ఆ చుక్కలు పోవాలని కలర్ నాయిస్ స్లైడర్ నెడితే చర్మంలో ఉన్న కొద్దిపాటి ఎరుపు కూడా పోయి బూడిద మిగులుతుంది.

కాబట్టి స్పాట్ మీటర్ (చిన్న చోటుని మాత్రమే కొలిచే పద్ధతి) పెట్టి ముఖాన్నే కొలవండి. బుగ్గ మీద వెలుతురు పడే వైపు కొలిచి, బాగా తెల్లగా ఉండేవాళ్లకి ఒక స్టాప్ పైకి, చామనఛాయకి సున్నా లేదా ఒక మూడోవంతు పైకి, బాగా నలుపు ఛాయకి సుమారు ఒక స్టాప్ కిందికి పెడితే ఎవరి ఛాయ వాళ్లకి వస్తుంది. మీటర్‌కి వదిలేస్తే అందరినీ ఒకే బూడిదకి తెస్తుంది, అది గుర్తుంచుకోండి. దీనికోసం ఐఎస్ఓ 3200, 6400 అయినా పర్వాలేదు. 6400లో సరిగ్గా వెలిగిన ముఖం, 1600లో చీకటిగా తీసి రెండు స్టాపులు లేపిన ముఖం పక్కపక్కన పెట్టి చూడండి, చాలా కెమెరాల్లో రెండోది ఏ రకంగానూ మెరుగ్గా ఉండదు. ముఖం సరిగ్గా వెలిగాక మిగిలే నాయిస్‌కి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉంది, ఎడిటింగుకి వాడే లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన డీనాయిస్ లాంటివి రా ఫైల్ మీద బాగా పనిచేస్తాయి. కాకపోతే స్లైడర్ మొత్తం నెట్టకండి, ముఖం మైనం బొమ్మ అయిపోతుంది.

ఈ చామనఛాయ సమస్య డిజిటల్‌తో మొదలైంది కాదు. ఫిల్మ్ రోజుల్లో ల్యాబులు ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి అమ్మాయి ఫొటోయే ఉండేది. వేర్వేరు ఛాయలవాళ్లున్న కార్డు వచ్చింది 1990ల మధ్యలో. ఫోన్లలో 2021లో గూగుల్ పిక్సెల్ 6తో అన్ని ఛాయలనీ సరిగ్గా చూపడానికి రియల్ టోన్ అని తెచ్చింది, 2022లో పది ఛాయల మాంక్ స్కేల్ విడుదల చేసింది. యంత్రాలు ఇప్పుడిప్పుడే దారిలో పడుతున్నాయి, మన ఆల్బం డిజైనర్లు మాత్రం ఇంకా అందరినీ రెండు షేడ్లు తెల్లగా చేసే పనిలోనే ఉన్నారు. ఒక స్టూడియో వాళ్లు నేనిచ్చిన ఫైళ్లన్నిటి మీదా ఒకే ఫెయిర్‌నెస్ యాక్షన్ నడిపి ఆల్బం వేస్తే పెళ్లికొడుకు వాళ్ల నాన్నగారిని సొంత చెల్లెలే గుర్తుపట్టలేదు. అప్పటి నుంచి ఆల్బం డిజైన్ నా దగ్గరే చేయిస్తాను. ఇంట్లోవాళ్లు కొంచెం తెల్లగా చేయండి బాబూ అంటే మీరేం చేస్తారనేది మీ ఇష్టం, నేనైతే ముఖం వెలుగు కొద్దిగా పెంచుతాను, రంగు జోలికి పోను. చాలాసార్లు వాళ్లు అడిగింది కూడా వెలుగే.

ఫ్లాష్ లేదన్నారు, ఒకటి అద్దెకైనా తీసుకోండి. ఫ్లాష్ కాంతిలో అన్ని రంగులూ ఉంటాయి, అదే దాని గొప్ప. దాన్ని ముఖం మీదకి సూటిగా కొట్టకుండా వెనక్కి, పైకి తిప్పి తెల్ల సీలింగుకి బౌన్స్ చేయండి. సీలింగు రంగు ముందు చూడండి. పైన గులాబీ గుడ్డ కట్టి ఉంటే ఫ్లాష్ కూడా గులాబీగానే దిగుతుంది. ఇంకో చిక్కు, ఫ్లాష్ 5500 కెల్విన్, హాలు 3000. అలాగే కొడితే ముఖం బాగుండి వెనకంతా నారింజ అవుతుంది. ఫ్లాష్ మీద నారింజ జెల్ ముక్క, సీటీఓ అంటారు, అంటిస్తే ఫ్లాష్ హాలు రంగులోకి వస్తుంది. ఫుల్ సీటీఓ సుమారు 3200కి దించుతుంది, హాఫ్ అయితే 3800 దగ్గరికి. నేను ఎక్కువగా హాఫ్ వాడతాను, ముఖం వెనకటి కంటే కాస్త చల్లగా ఉంటే నాకు నచ్చుతుంది. కోడంబాకం, సాలిగ్రామం వైపు సినిమా లైట్లు అద్దెకిచ్చే వాళ్ల దగ్గర వాడి కత్తిరించిన జెల్ ముక్కలు దొరుకుతాయి, ఫ్లాష్ తలకి అరచేతంత ముక్క చాలు.

సూటి ఫ్లాష్ వద్దనడానికి ఇంకో కారణం మేకప్. మెరుపు తగ్గించడానికి అద్దే సిలికా పౌడరు, సన్‌స్క్రీన్‌లో ఉండే టైటానియం డయాక్సైడ్ ఫ్లాష్‌ని తిప్పికొడతాయి, ముక్కు చుట్టూ సున్నం పూసినట్టు వస్తుంది, కింద మెడ ఇంకో రంగులో ఉంటుంది. బ్యూటీషియన్ మేకప్ ముగించాక ఒక టెస్ట్ ఫొటో తీసి ఆవిడకే చూపించండి, అక్కడికక్కడే బ్రష్‌తో సరిచేస్తారు.

షటర్ గురించి చిన్న మాట. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ట్యూబులూ ఎల్ఈడీలూ సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. 1/250లో వరసగా తీస్తే ఒక ఫ్రేము పచ్చగా, ఇంకోటి మామూలుగా రావడం చూసే ఉంటారు. 1/100 పెట్టండి, ప్రతి ఫ్రేములో ఒక పూర్తి మిణుకు పడుతుంది, స్టేజీ మీద నిలబడ్డవాళ్లకి ఆ స్పీడు చాలు. సైలెంట్ షటర్ ఆపేయండి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. పార్ లైట్ల మిణుకు వేరే రకం, దానికి ఈ లెక్క పనిచేయకపోవచ్చు, చారలు వస్తే షటర్ అటూ ఇటూ మార్చి చూడటమే.

నాట్యం తీసేటప్పుడు ఇవేవీ కుదరవు. ఫ్లాష్ కొట్టనివ్వరు, లైటు మార్చమని అడగలేం, షటర్ 1/250 కంటే తగ్గిస్తే చేతులు చెదిరిపోతాయి. అక్కడ నేను వెలుతురు తెల్లగా మారే క్షణాల కోసం కాచుకుంటాను. ఎరుపు, నీలం వెలుగుల్లో తీసినవి ఆ రంగుల్లోనే వదిలేస్తాను, లైటింగ్ చేసినాయన ఉద్దేశం అదే కాబట్టి అక్కడ ‘సరైన’ చర్మం రంగు వెతకడంలో అర్థం లేదు.

ఎడిటింగులో కళ్లని పూర్తిగా నమ్మకండి. పది నిమిషాలు పసుపు ఫొటో చూస్తే కన్ను అదే తెలుపు అనుకుంటుంది. లైట్‌రూమ్‌లో బుగ్గ మీద కర్సర్ పెడితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం శాతాలు కనిపిస్తాయి. ఏ ఛాయవాళ్లకైనా వరస అదే, ఎరుపు అన్నిటికంటే ఎక్కువ, తర్వాత ఆకుపచ్చ, చివర నీలం. చామనఛాయకి వెలుగు పడే వైపు 65, 50, 40 చుట్టుపక్కల ఉంటే నాకు సరిగ్గా అనిపిస్తుంది. నీలం ఆకుపచ్చని దాటిందంటే ముఖం ఊదా వైపు పోయింది, ఆకుపచ్చ ఎరుపుకి మరీ దగ్గరైతే జబ్బుగా కనిపిస్తుంది. నుదుటి కుంకుమ దగ్గర, లిప్‌స్టిక్ మీద, ఆకుపచ్చ పట్టుచీర వెలుగు తిరిగి పడే గడ్డం కింద కొలవకండి, తప్పుదారి పడతారు. మీ ల్యాప్‌టాప్‌లో నైట్ లైట్ ఆపేశారో లేదో కూడా చూసుకోండి, ఫోన్లో వివిడ్ మోడ్ తీసేయండి. చివరికి ఎస్‌ఆర్‌జీబీలో (ఫోన్లు, వెబ్ వాడే మామూలు రంగుల పద్ధతి) సేవ్ చేసి పంపండి, ల్యాబు వేరేది అడిగితే తప్ప.

ఇప్పటికే తీసిన రిసెప్షన్ ఫొటోలు జేపెగ్ కాబట్టి భోజనాల హాలువి కొంతవరకే బాగుపడతాయి: టింట్ మెజెంటా వైపు, తర్వాత ముఖాలకి మాత్రం మాస్క్ వేసి (ఆ భాగాన్నే ఎంచుకుని) కొద్దిగా వెచ్చదనం, ఆకుపచ్చ సాచురేషన్ (రంగు చిక్కదనం) తగ్గించడం. మీ అక్కయ్య ఫొటోలో ముఖాన్ని ఒక స్టాప్ కంటే ఎక్కువ లేపకండి, దానికి బదులు వెనక ఉన్న వెలుగు తగ్గించండి. స్టేజీ మీద ఎరుపు పొర్లిపోయిన గులాబీ ఫొటోలకి రంగు తిరిగి రాదు. వాటిని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. మార్చేటప్పుడు మూడు చానెళ్లనీ విడిగా చూసి, బుగ్గ మీద వివరం దేంట్లో మిగిలిందో దాన్ని ఎక్కువ కలపండి. చాలావరకు అది ఆకుపచ్చ చానెలే అవుతుంది, గరుకుగా ఉంటుంది కానీ బ్లాక్ అండ్ వైట్‌లో ఆ గరుకు ఎబ్బెట్టుగా ఉండదు.

వచ్చే నెల పెళ్లి ఏ మండపంలోనో, ముహూర్తం పగలా రాత్రా చెప్పండి. హాల్లో లైట్లన్నీ వేసి ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఇక్కడ పెడితే ఎక్కడ నిలబడాలో, ఏ జెల్ కావాలో చెబుతాను.